రసాయన శాస్త్రపు లెక్కలు – ఒక లెక్కలవాని అనుభవము

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నన్ను భారతమును గూర్చి గాని, ప్రబంధములను గూర్చి గాని ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరియుండిరి. రసాయన శాస్త్రపు లెక్కలను గూర్చి చెప్పెదనని నేను బదులు వ్రాయగా వారు నా చీటిని రెండుమారులు చదివికొనిరట. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. కళాశాల గడప త్రొక్కినవాడను కాను. పద్యములు చదువుట ఏ విధముగా నేర్చితినో, ఈ శాస్త్రమును గూడ ఆ విధముగనే, ఈ గదిలోని బల్లమీద, ఎవరును చెప్పువారు లేక నేర్చితిని. తప్పులున్నచో సభలోని ఉపాధ్యాయులు దిద్దుదురు గాక.

ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము ఒక పాత పద్దు. దానిని ముందు చెప్పవలెను.

నాకు ఇరువది రెండేండ్ల వయస్సున పల్నాటి ప్రాంతమున ఒక సున్నపు బట్టీలో లెక్కలు వ్రాయుటకు కుదిరితిని. దాని పేరు చెప్పను. అంతకు పూర్వము అచ్చట రాతిని, సున్నమును గంపలతో కొలిచెడివారు. సున్నపురాయి కాలినను ముద్ద పరిమాణము పెద్దగా తరుగదు, లోలోపల గుల్లబారును. కావున గంపల లెక్కలో తేడా అంతగా కనబడలేదు. బట్టీని క్రొత్తగా కౌలునకు తీసికొన్న యజమాని కాటా తెప్పించెను. రాయి తూచి లోనికి, సున్నము తూచి వెలుపలికి పంపుట నా పని. మొదటి విడత 10,000 కిలోల రాయి బట్టీలో పడినది. వెలుపలికి వచ్చిన సున్నము 5,800 కిలోలు. నేను ఎఱ్ఱసిరాతో ‘తరుగు 4,200 కిలోలు’ అని వ్రాసి, యజమానికి చూపి, రాత్రి కావలి యున్న మేస్త్రీని పిలిపించితిని. ఆయన నా తండ్రి యీడువాడు. “రాయి కాలితే తేలికైద్ది బాబూ. దాని ఊపిరి పోద్ది” అనెను. “మనిషికి ఊపిరి పోతే శవం సగం తూగుతుందా?” అని నేనంటిని. అందఱును నవ్విరి. ఆయన కూలి మూడు వారములది ఆపివేసిరి. నాలుగవ వారమున ఆయన పనిలోనికి రాలేదు.

ఈ గ్రంథాలయము తెరచిన మొదటి సంవత్సరముననే, హైస్కూలు పిల్లల కొరకు కొన్న రసాయన శాస్త్రము నా చేతికి వచ్చినది. అందు అభ్యాసములలో ఒక లెక్క: 100 గ్రాముల శుద్ధమైన సున్నపురాతిని పూర్తిగా కాల్చిన ఎంత పొడిసున్నము వచ్చును? జవాబు 56 గ్రాములు. మిగిలిన 44 గ్రాములు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. ఆ పుట తెరచి పెట్టుకొని నేను చాల సేపు కూర్చుంటిని. ఆ రాత్రి మఱల ఆ 10,000 కిలోల లెక్క వేసితిని.

ఆ లెక్కను మీ యెదుట వేసి చూపెదను. ఏలయన ఇందు శాస్త్రపు ప్రథమపాఠ మంతయు ఉన్నది. సున్నపురాతిలో కాల్షియము ఒక పాలు, కర్బనము ఒక పాలు, ఆమ్లజని మూడు పాళ్ళు ఉండును. కాల్షియము పరమాణుభారము 40, కర్బనము 12, ఆమ్లజని 16. మూడు పదియాఱులు నలువది యెనిమిది. మొత్తము 100. కాలిన తరువాత కాల్షియముతో ఒక ఆమ్లజని నిలుచును, అది 56. కర్బనముతో రెండు ఆమ్లజనులు వెడలిపోవును, అది 44. ఇక మా బట్టీలో పోయిన బరువు 4,200 కిలోలు. ప్రతి 100 కిలోల శుద్ధమైన రాతికి 44 కిలోలు పోవును గదా. 4,200 కిలోలు పోవుటకు ఎంత రాయి కాలియుండవలెను? 4,200ను 0.44 చేత భాగింపగా 9,545 కిలోలు. అనగా 10,000 కిలోలలో 455 కిలోలు మన్నును ఇసుకయు. అవి కాలవు, పోవు. 9,545 కిలోల రాతినుండి 5,345 కిలోల సున్నము, దానికి 455 కిలోల మన్ను కూడిన 5,800. కాటా చూపినది అదియే. రాయి శుద్ధమైనదే యైనచో రావలసినది 5,600 మాత్రమే! మేస్త్రీ ఒక్క పెళ్ళయైనను తీసికొనలేదు. రాతి ఊపిరి బరువు 4,200 కిలోలు. ఆయన చెప్పిన మాట అక్షరాల నిజము.

ఆయనను వెదకించితిని. అప్పటికే గతించియుండెను. కుమారుడు తాపీపని చేయుచుండెను. మూడు వారముల కూలియు, దానిపై నాకు తోచిన వడ్డీయు అతని చేతిలో పెట్టి, లెక్క తప్పు నాదని చెప్పితిని. అతడు డబ్బు లెక్కపెట్టుకొని, “ఇది సరే బాబూ, దొంగ అన్నమాట సంగతేంది?” అనెను. దానికి జమ వ్రాయుటకు నా చిఠాలో పద్దు లేదు.

ఈ శాస్త్రమును లెక్కల పుస్తకముగా మార్చిన మహానుభావుడు ఫ్రాన్సు దేశీయుడైన లావోయిజే. ఈయన 1743లో జన్మించెను. ఈయన జీవనము పన్నుల వసూలు. రాజుగారి పన్నులను గుత్తకు తీసికొను సంఘములో భాగస్వామి. పగలు జమాఖర్చులు, తక్కిన వేళల త్రాసు. చర్యకు ముందున్న బరువును, పిదప నున్న బరువును, వాయువులతో సహా తూచినచో సమానముగా నుండునని 1789లో ప్రకటించిన గ్రంథమున స్పష్టముగా వ్రాసెను. ‘వాయువులతో సహా’ అను మాటయే ప్రాణము. నేను వాయువును తూచకయే తరుగు వ్రాసితిని. విప్లవకాలమున, పన్నుగుత్తదారుడైన కారణముచేత, 1794 మే 8వ తేదీన లావోయిజే శిరస్సును ఖండించిరి. నాబోటి లెక్కలవానికి ఈ కథ చదివినప్పుడెల్ల మెడ తడుముకొన బుద్ధి పుట్టును.

రెండవ కారణము మన యూరి అమ్మాయి. గత వేసవిలో, ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరమున రసాయన శాస్త్రమున తప్పి, ఇచ్చటకు వచ్చినది. ఆమె తండ్రి చదువు మాన్పింప నిశ్చయించియుండెను. “పెదనాన్నగారూ, మీరు లెక్కల్లో గట్టివారుగదా, ఇవి చెప్పగలరా?” అని అడిగినది. నాకు తెలిసినది సున్నపు లెక్క ఒక్కటే. చెప్పెదనంటిని. ఆనాటినుండి ఇరువురమును కలిసి చదివితిమి. ఆమె అనుమతితోనే ఈ మాటలు చెప్పుచున్నాను. సప్లిమెంటరీ పరీక్షలో నెగ్గినది. అది నా ప్రజ్ఞ కాదు.

మొదట కనిపెట్టిన దేమనగా, ఆమె సమీకరణములను కంఠస్థము చేసినది గాని వానిని తుల్యము చేయుట నేర్వలేదు. ఉదజనియు ఆమ్లజనియు కలిసి నీరగును. ఉదజని అణువులో రెండు పరమాణువులు, ఆమ్లజని అణువులో రెండు, నీటి అణువులో ఉదజని రెండు, ఆమ్లజని ఒకటి. ఎడమ ప్రక్క ఆమ్లజని ఒకటి ఎక్కువగా నున్నది. పిల్లలు చేయు తప్పేమనగా, నీటికి ఇంకొక ఆమ్లజనిని తగిలించి సరిపెట్టుట. అప్పుడది నీరు కాదు, గాయములు కడుగు పెరాక్సైడు. లెక్క కుదరలేదని పద్దు పేరే దిద్దినట్లు! దస్తావేజులోని పేరు మార్చరాదు. సంఖ్యను మాత్రమే మార్చవచ్చును. రెండు ఉదజని అణువులు, ఒక ఆమ్లజని అణువు, రెండు నీటి అణువులు. 4 గ్రాములును 32 గ్రాములును కలిసి 36 గ్రాములు. చిఠా కుదిరినది.

పిదప ‘మోల్’ అను మాట. దీనివద్దనే చాలమంది పిల్లలు ఆగిపోవుదురు. ఆరణ్యపర్వములోని నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథముమీద పోవుచు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచి వాని సంఖ్య చెప్పును. నలుడు చెట్టు పడగొట్టి లెక్కించి చూడగా సరిపోవును. పరమాణువుల నెవ్వరును చెట్టు పడగొట్టి లెక్కింపలేరు. తూచి లెక్కింపవలెను. మన రైతులకు ఈ విద్య తెలియనిది కాదు. వేయిగింజల బరువు చూచి విత్తన రకమును నిర్ణయింతుము గదా. ఒక సన్నరకము వేయిగింజలు 15 గ్రాములు తూగిన, ఒక ముతకరకము 25 గ్రాములు తూగును. గింజల సంఖ్య ఒకటే, బరువులు వేఱు. అట్లే 12 గ్రాముల కర్బనమునను, 40 గ్రాముల కాల్షియమునను పరమాణువుల సంఖ్య ఒకటే. ఆ సంఖ్యను 2019 నుండి నిర్వచనముచేతనే ఖాయపరచిరి: 6.02214076ను పదిచేత ఇరువది మూడు పర్యాయములు గుణింపగా వచ్చునది. ‘వేయిగింజలు’ అన్నట్లే ‘మోల్’ అన్నది. ఇది చెప్పగానే ఆ అమ్మాయి ముఖము విప్పారినది.

నియమము చిన్నది. గ్రాములలో ఇచ్చిన దానిని మొదట మోళ్ళు చేయుము. సమీకరణము మోళ్ళ భాష మాత్రమే ఎఱుగును. జవాబు మోళ్ళలో వచ్చిన పిదప గ్రాములు చేయుము. గ్రాములతోనే సమీకరణములోనికి దిగినవాడు మునుగును. ఉదాహరణమునకు, నత్రజని ఒక అణువు, ఉదజని మూడు అణువులు కలిసి అమ్మోనియా రెండు అణువులగును. 28 గ్రాముల నత్రజనియు, 3 గ్రాముల ఉదజనియు ఉన్నవి; చర్య పూర్తిగా జరిగినదనుకొందము; అమ్మోనియా ఎంత? బండికి ఇరుసు ఒకటి, చక్రములు రెండు. పది ఇరుసులు, పదునాలుగు చక్రములు ఉన్నచో బండ్లు ఏడే. ఇచ్చట నత్రజని 1 మోల్, ఉదజని ఒకటిన్నర. ఒక మోల్ నత్రజనికి మూడు మోళ్ళ ఉదజని కావలెను, ఉన్నది సగము. కనుక నత్రజనియు సగమే ఖర్చగును. అమ్మోనియా 1 మోల్, 17 గ్రాములు. మిగిలిన నత్రజని 14 గ్రాములు. 17ను 14ను కలిసి 31. తెచ్చిన 28ని 3ను కలిసి 31. నిలువ సరిపోయినది.

మన నిత్యవ్యవహారమునకు ఒక మాట. యూరియా మోల్ బరువు 60, అందు నత్రజని 28. కనుక నూటికి 46 పైచిలుకు. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. అమ్మోనియం సల్ఫేటు మోల్ బరువు 132, అందు నత్రజని అదే 28. అంగడి సరుకులో నూటికి 20.5 మాత్రమే. 50 కిలోల బస్తాలో 10 కిలోల చిల్లర. బస్తా ధరను గాక కిలో నత్రజని ధరను పోల్చుకొనవలెను. సల్ఫేటులో గంధకము కూడ పైరునకు దక్కు ననుట మఱువరాదు. ఆ లెక్క రైతు తన నేలను బట్టి వేసికొనవలెను.

ఇక బంధములు. వీనిని గూర్చి పుస్తకములలో ‘సోడియము ఎలక్ట్రానును ఇచ్చి వేయగోరును, క్లోరిను పుచ్చుకొనగోరును’ అని వ్రాయుదురు. పరమాణువులకు కోరికలేమిటి? ఆ అమ్మాయి ఇదే అడిగినది. నేను లెక్కతో చెప్పవలసి వచ్చెను. సోడియము పరమాణువునుండి ఎలక్ట్రానును ఊడబెరుకుటకు మోల్ ఒక్కింటికి 496 కిలోజౌళ్ళు ఖర్చు. దానిని క్లోరిను పుచ్చుకొనునపుడు వచ్చు జమ 349. ఇంతవరకు బేరము 147 నష్టము! ఎవ్వరును స్వచ్ఛందముగా ఇచ్చుట లేదు. కాని ధన, ఋణ విద్యుత్తులు గల ఆ అయానులు దగ్గఱచేరి ఉప్పుపలుకుగా పేర్చుకొనునపుడు 787 కిలోజౌళ్ళు విడుదలయగును. ఆ రాబడి ముందు నష్టము లెక్కకు రాదు. ఉప్పుపలుకు నిలిచియుండుట దానివలననే. నీటిని తాకిన మండిపడు సోడియము, 1915 ఏప్రిలులో ఈప్రు యుద్ధభూమిని వేలమందికి ఊపిరాడకుండ చేసిన క్లోరిను, ఈ రెండును కలిసినది మన విస్తరిలో మొదట వడ్డించు ఉప్పు.

నీటిలో ఇచ్చిపుచ్చుకొనుట లేదు. పొత్తు సేద్యము వంటిది. ఇరువురును చెరియొక ఎలక్ట్రాను పెట్టి, జంటను ఉమ్మడిగా అనుభవింతురు. ఈ భావమును 1916లో గిల్బర్టు లూయిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. నత్రజని పరమాణువులు రెండు మూడు జంటలు కలిపి పొత్తు కుదుర్చుకొన్నవి. ఆ పొత్తు విడదీయుటకు మోల్ ఒక్కింటికి 945 కిలోజౌళ్ళు కావలెను. అందుచేతనే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని యున్నను వరిపైరు పసుపుబారి నిలుచును. జనుము, పిల్లిపెసర వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు ఆ బంధమును మన పొలములోనే, ఏ కొలిమియు లేక, విప్పుచున్నవి.

అన్నిటికంటె కఠినమైనది సమతాస్థితి. ‘చర్య ఆగిపోవుట’ అని పిల్లలు వ్రాయుదురు. ఆగదు. దీనికి దృష్టాంతము ఈ గ్రంథాలయమే. దినమునకు ఇరువది పుస్తకములు ఇండ్లకు పోవును, ఇరువది తిరిగి వచ్చును. బీరువాలోని సంఖ్య మారదు. పుస్తకములు మాత్రము మారుచుండును. లోపలినుండి పోవు వేగమును వచ్చు వేగమును సమానమైన స్థితి అది. పుస్తకములు పోయి తిరిగి రానిచో సమతాస్థితి లేదు, (ఈ మాట కొందఱు సభ్యులు ప్రత్యేకముగా వినవలెనని గ్రంథపాలకులు కోరుచున్నారు.)

మఱల బట్టీకి వత్తము. సున్నపురాతిని మూతవేసిన పాత్రలో కాల్చినచో కొంత కాలి, వెలువడిన వాయువు లోననే నిలిచి, సున్నముతో మఱల కలిసి రాయి యగుచుండును. పాత్రలో ఆ వాయువు ఒత్తిడి ఒక నిర్ణీత స్థాయికి చేరగానే రాకపోకలు సమమగును. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ ఒత్తిడి మన వాతావరణపు ఒత్తిడికి సమానము. బట్టీకి పైన నోరు తెరచియుంచి, క్రింద గాలి ఆడనిచ్చుట ఇందుకే. వాయువు ఎప్పటికప్పుడు వెడలిపోవుటచే తిరుగు ప్రయాణము సాగదు. ఊపిరి పోనిచ్చినగాని రాయి కాలదు.

ఆ పోయిన ఊపిరి శాశ్వతముగా పోలేదు. 56 కిలోల పొడిసున్నమునకు 18 కిలోల నీరు చేరి 74 కిలోల తడిసున్నమగును. అప్పుడు మోల్ ఒక్కింటికి 65 కిలోజౌళ్ళకు దగ్గఱగా వేడి పుట్టి నీరు కుతకుత లాడును. సున్నపు గుంటవద్దకు పిల్లలను పోనీయరాదు, కన్నులు పోవును. గోడకు పూసిన తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చును. 74కు 44 చేరి, 100 కిలోల సున్నపురాయి, 18 కిలోల నీరు. క్రొత్త సున్నపు గోడ చెమర్చుటకు ఈ నీరును ఒక కారణము. బట్టీలో ‘తరుగు’ వ్రాసిన సరుకు గోడమీద తిరిగి జమయగును.

చర్యలు వెనుకకును నడచునని మొదట గ్రహించినవారిలో బెర్తొలే ముఖ్యుడు. 1798లో నెపోలియనుతో ఈజిప్టు పోయి, ఉప్పునీటి సరస్సుల యొడ్డున సున్నపురాయియు ఉప్పును కలిసి సోడా ఏర్పడుట చూచెను. ప్రయోగశాలలో జరుగునది దానికి తలక్రిందు. పదార్థముల మోతాదును బట్టి చర్య దిక్కు మారునని ఊహించెను. 1864లో నార్వే దేశీయులు గుల్‌బర్గు, వాగె యనువారు దానిని గణితముగా చేసిరి. సున్నములు, సిమెంట్ల గట్టిపాటును పరిశోధించిన లె షాటెల్యే 1884లో, సమతాస్థితిపై ఏ మార్పు తెచ్చినను అది ఆ మార్పును తగ్గించు దిక్కునకు ఒరగునని సూత్రీకరించెను. ఈ సూత్రమును అమ్మోనియాకు అన్వయింపుడు. నాలుగు అణువులు రెండగుచున్నవి. కనుక ఒత్తిడి పెంచిన మేలు. వేడి వెలువడు చర్య. కనుక చల్లగా నుంచిన మేలు. కాని చల్లగా నున్నచో ఆ మూడు జంటల పొత్తు విడువడదు. 1909లో హేబరు ప్రయోగశాలలో మార్గము చూపగా, 1913లో జర్మనీలోని ఓపౌ వద్ద బాష్ కర్మాగారమున సాధించెను. ఇనుము ఉత్ప్రేరకము, 400 నుండి 500 డిగ్రీల వేడి, సుమారు 200 వాతావరణముల ఒత్తిడి. అది రాజీ బేరము. ఈప్రు భూమిపై క్లోరిను వదలించినవాడును ఆ హేబరే. ఆయన జమయు ఖర్చును నేను వేయజాలను.

చివరి లెక్క. ఆసిటికామ్లము ఒక మోల్, ఆల్కహాలు ఒక మోల్ కలిపితిమి. ఎస్టరు, నీరు ఏర్పడును. సమతాస్థితిలో ఏర్పడినవాని లబ్ధమును, మిగిలినవాని లబ్ధముచే భాగింపగా 4 వచ్చును. ఖర్చయినది ఎంత? ఎంత ఖర్చయినదో అంత ఎస్టరు, అంత నీరు. ఒకటిలోనుండి దానిని తీసివేయగా మిగిలినది. పైదానికి వర్గము, క్రిందిదానికి వర్గము, నిష్పత్తి నాలుగు. వర్గమూలము తీసిన రెండు. అనగా ఖర్చు మిగులునకు రెట్టింపు: మూడింట రెండుపాళ్ళు. 60 గ్రాముల ఆమ్లములో 40 గ్రాములు పోయి 20 మిగులును. ఎంత కాలము నిలువనుంచినను ఆ 20 మిగులవలసినదే.

ఆల్కహాలు రెండు మోళ్ళు పోసినచో? ఇపుడు వర్గమూలపు దారి కుదరదు, వర్గసమీకరణము వేయవలెను. నేను రాత్రి కూర్చుండి వేసితిని. రెండు జవాబులు వచ్చినవి: 0.845, 3.155. రెండును బలపముతో పలకపై వ్రాసి, ఏది సరియో తెలియక, మఱునాడు పుస్తకము చూతమనుకొంటిని. ముప్పది యేండ్లకు పైగా నిలువలు తేల్చినవాడను! ఆ అమ్మాయి వచ్చి పలక చూచి, “అదేంటి పెదనాన్నగారూ, మనం పోసింది ఒక్క మోల్ ఆమ్లమేగా, మూడు మోళ్ళు ఎక్కడినుంచి ఖర్చవుతాయి?” అని, 3.155ను అడ్డుగీతతో కొట్టివేసి, 0.845ను 60తో హెచ్చవేసి 50.7 గ్రాములు అని క్రింద వ్రాసినది.